సేవా సంస్థల్లో విద్యుత్తు పొదుపు — సిబ్బంది పాత్ర

(నిడదవోలులో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యులు, సిబ్బంది సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు ఇచ్చిన విషయం కరెంటు పొదుపు. ఈ మాట వినగానే కొందరు నవ్వుకుంటారని నాకు తెలుసు. ప్రతి ఏటా డిసెంబరు 14వ తేదీన జాతీయ ఇంధన పొదుపు దినం జరుపుతారు. ఆ రోజు గోడకు కాగితం అంటిస్తాం, ఫోటో తీయించుకుంటాం. మర్నాడు ఆ కాగితం మీదే ఫ్యాను గాలి ఆడుతూ ఉంటుంది, గదిలో మనిషి మాత్రం ఉండడు. కాబట్టి కాగితాల సంగతి పక్కన పెట్టి, సిబ్బంది చేత ఈ పని ఇష్టంగా ఎలా చేయించాలి అన్న ఒక్క సంగతి గూర్చి మనవి చేస్తాను.

పాల సంఘం గూర్చే చెప్పినా, మీలో చాలామంది ఊళ్లో ఇతర సేవా సంస్థల్లోనూ బాధ్యతల్లో ఉన్నారు. ఒకరు ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో, ఒకరు బడి కమిటీలో, ఒకరు వృద్ధాశ్రమం నడిపే సంఘంలో, మరొకరు వరదలొచ్చినప్పుడు పునరావాస కేంద్రంలో అన్నం వండించే పనిలో ఉంటారు. వీటన్నిటికీ ఒక పోలిక ఉన్నది. ఇవి లాభం కోసం పెట్టినవి కావు, నలుగురి మేలు కోసం పెట్టినవి. నలుగురి సొమ్ముతో నడిచేవి.

సేవలో లెక్కలెందుకని అడిగేవారికి

"పేదవాళ్లకు మేలు చేసే చోట యూనిట్లు లెక్కపెట్టడం పిసినారితనం కాదా" అని అడిగేవారున్నారు. వారి మనసు మంచిదే. గోదావరి గడ్డ మీద పెట్టే చేయికి ఎప్పుడూ గౌరవమే. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు ఆమె 1909లో కాలం చేసిన తర్వాత ఇన్నేళ్లకు కూడా మనం చెప్పుకుంటున్నాం. ఈ రోజు బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టారు. కాని ఒక్కటి ఆలోచించండి. పదిమందికి పెట్టే ఇల్లాలికి బియ్యపు డబ్బాలో ఎంత ఉన్నదో తెలియకపోతే, పదకొండోవాడు వచ్చినప్పుడు ఏం పెడుతుంది? ఇచ్చే ఇంట్లోనే లెక్క ఎక్కువ కావాలి.

మన పాల ఉద్యమం కూడా కొంత సాయం మీద నిలబడినదే. ఆనంద్‌లో రైతులు 1946లో సంఘం పెట్టుకున్నారు. 1955లో అక్కడ లేచిన డెయిరీకి ఐక్యరాజ్యసమితి బాలల నిధి, అంటే యూనిసెఫ్, యంత్రాలు ఇచ్చింది. 1970లో మొదలైన క్షీర విప్లవ పథకానికి ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా పాలపొడి, వెన్న నూనె వచ్చాయి. వాటిని అమ్మగా వచ్చిన డబ్బు మూలధనమైంది. ఊరికే వచ్చిన పొడిని ఊరికే పంచి తినేసి ఉంటే ఆ సాయం అక్కడితో ఆగిపోయేది. జాగ్రత్తగా వాడారు గనుక మన గ్రామాల వరకు వచ్చింది.

స్విచ్చి వేసే చేయి వేరు, బిల్లు కట్టే చేయి వేరు

ఇప్పుడు అసలు రోగం దగ్గరకు వద్దాం. 2014లో మన పశ్చిమ గోదావరి జిల్లాలో, అప్పటికి నిడదవోలు ఆ జిల్లాలోనే ఉండేది, ఇంటింటికీ తక్కువ ధరకు ఎల్‌ఇడి బల్బులు ఇచ్చారు. 2015 జనవరి నుంచి దేశమంతటా అటువంటి పథకమే నడిచింది. దాదాపు ప్రతి ఇంట్లో పాత గుండు బల్బు పోయింది. కాని సంఘం వెనక గదిలోకి, బడి స్టోరు గదిలోకి, సత్రం వరండాలోకి వెళ్లి చూడండి. అక్కడక్కడ పాత ట్యూబులైటు చోకు మోగిస్తూ ఇంకా వెలుగుతూనే ఉంటుంది. ఇంట్లో మార్చిన మనిషే ఇక్కడ ఎందుకు మార్చలేదు?

ఇంట్లో స్విచ్చి వేసేదీ, బిల్లు కట్టేదీ ఒక్కరే. సంఘంలో స్విచ్చి టెస్టరు వేస్తాడు, బిల్లు కార్యదర్శి కడతాడు, ఆ డబ్బు పాలు పోసిన మూడు వందల మంది సభ్యులది. కాలే చేయి ఒకటి, నొప్పి తెలిసే మనసు మరొకటి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇందులో సిబ్బంది చెడ్డవారని అర్థం లేదు. వారికి బిల్లు కనిపించదు, అంతే. కనిపించని దానిని ఎవరూ కాపాడలేరు.

కాలువ నీటికి ఉన్న నీతే కరెంటుకూ ఉన్నది

డెల్టా రైతుకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. కాటన్ దొర కాలంలో, 1852 నాటికి, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. విజ్జేశ్వరం దగ్గర బయలుదేరే కాలువ మన నేలలు తడిపి నరసాపురం, మొగల్తూరు వైపు శివారు భూములకు వెళుతుంది. ఎగువన ఒకడు గండి పెట్టి చేను నింపి మురుగులోకి వదిలితే, శివారు రైతు నారు ఎండిపోతుంది. ఎగువవాడికి నష్టం కనిపించదు, శివారువాడికి ద్రోహి కనిపించడు.

కరెంటు కూడా అంతే. సాయంత్రం ఆరు నుంచి పది వరకు అందరూ ఒక్కసారి వాడతారు. సరిగ్గా అప్పుడే మన సాయంత్రపు పాలు కూలరులో పడతాయి. ఆ వేళ వోల్టేజి పడిపోతే మోటారు వేడెక్కుతుంది, చల్లబరచడం ఆలస్యమవుతుంది. విజ్జేశ్వరంలో గ్యాసుతో కరెంటు తీసే కేంద్రం పెట్టారు కదా, మనకేం కొదవ అనుకోవద్దు. 2013 నుంచి కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు కరెంటు కేంద్రాలకు అందక, మన ప్రాంతంలోని పెద్ద పెద్ద గ్యాసు కేంద్రాలు పనిలేక నిలిచిపోయాయి. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో పరిశ్రమలకు కరెంటు సెలవు ప్రకటించవలసి వచ్చింది. నది పక్కన ఉన్నంత మాత్రాన కుండ నిండదు.

ఎక్కడ పొదుపు చేయకూడదు

పొదుపు గూర్చి మాట్లాడే ముందు, చేయకూడని పొదుపు గూర్చి చెప్పడం నా ధర్మం. తనిఖీలో నేను చూసిన ఒక సంగతి చెబుతాను, ఊరి పేరు అనవసరం. అక్కడ పాలకవర్గ సమావేశంలో బిల్లు ఎక్కువైందని సహాయకుడిని నలుగురిలో కేకలు వేశారు. అతడు భయపడి, రాత్రి పాలు ఇంకా పన్నెండు డిగ్రీల దగ్గర ఉండగానే కూలరు కట్టేసి ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. ఆ నెల బిల్లు కాస్త తగ్గింది, అందరూ సంతోషించారు. ఆ తర్వాత ఎండలు ముదిరాయి. ఒక ఉదయం టాంకరు వచ్చి పాలు కాచి చూస్తే విరిగిపోయాయి. ఆ పూట పాలన్నీ పారబోశారు. మిగిల్చిన యూనిట్ల విలువ పారబోసిన పాలలో నాలుగు క్యాన్ల ఖరీదుకు కూడా చాలలేదు. మిగతాదంతా పాలు పోసిన పేద సభ్యుల నష్టం.

తప్పు ఎవరిది? అతడికి "తగ్గించు" అని చెప్పారు, ఎక్కడ తగ్గించాలో చెప్పలేదు. కాబట్టి ప్రతి సేవా సంస్థలోనూ ముందుగా ముట్టుకోకూడని వాటి జాబితా గోడకు రాసి పెట్టాలి. పాల సంఘంలో పాలు నాలుగు డిగ్రీలకు దిగేవరకు కూలరు ఆపరాదు, క్యాన్లు కడిగే వేడినీళ్లు తగ్గించరాదు. ఆరోగ్య కేంద్రంలో టీకా మందులుండే పెట్టె రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండి తీరాలి. కాన్పుల గదిలో దీపం, హాస్టలులో ఆడపిల్లలు నడిచే దారిలో దీపం, పునరావాస కేంద్రంలో మరుగుదొడ్ల దగ్గర దీపం, వీటి జోలికి పోరాదు. ఏ పని కోసం సంస్థ పుట్టిందో ఆ పనిని తగ్గించేది పొదుపు కాదు, ఎగవేత.

వృథా ఎక్కడున్నది

ఇక వృథా ఎక్కడ జరుగుతుందో కాగితం మీద లెక్క వేసి చూద్దాం. వెయ్యి లీటర్ల పాలను 35 డిగ్రీల నుంచి నాలుగు డిగ్రీలకు దింపడానికి బాగా పనిచేసే కూలరుకు సుమారు పన్నెండు నుంచి పదిహేను యూనిట్లు పడుతుంది. ఇది న్యాయమైన ఖర్చు. మీ సంఘంలో ఇంతకంటె బాగా ఎక్కువ అవుతుంటే ఎక్కడో చిల్లు ఉన్నది. ముందుగా కండెన్సరు చూడండి. ఊక, దుమ్ము, సాలెగూడు పట్టి గాలి ఆడక మోటారు రొప్పుతూ ఉంటుంది. మెత్తని బ్రష్షుతో వారానికొకసారి దులపడానికి ఖర్చు ఏమీ లేదు. కూలరు వెనకనే గోడ, దాని పక్కనే దాణా బస్తాలు పెడితే వదిలిన వేడే మళ్లీ పీలుస్తుంది. బస్తాలు తీయించండి, పడమటి ఎండ పడకుండా తాటాకు పందిరి వేయించండి.

రెండోది, పాలను కూలరులోకి పంపేముందు బోరు నీటితో కాస్త చల్లార్చడం. 35 డిగ్రీల పాలు ముప్ఫైకి దిగినా, దింపవలసిన 31 డిగ్రీలలో అయిదు ఊరికే తగ్గినట్లు. అంటే ఆరింట ఒక వంతు. వెయ్యి లీటర్లకు రోజుకు రెండు యూనిట్లు, ఏడాదికి ఏడు వందల పైచిలుకు. ఆ నీళ్లు వృథాగా పోనివ్వక తొట్టిలోకి మళ్లిస్తే గేదెలు తాగుతాయి.

మూడోది ఫ్యాన్లు, దీపాలు. మామూలు పంకా 75 వాట్లు తింటుంది. రోజుకు పది గంటలు తిరిగితే ఏడాదికి సుమారు 270 యూనిట్లు. కొత్తరకం బిఎల్‌డిసి పంకా ముప్ఫై వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది, ఏడాదికి 160 యూనిట్లు మిగులుతుంది. పాత ట్యూబులైటు చోకుతో కలిసి యాభై వాట్లు దాటుతుంది, ఎల్‌ఇడి ట్యూబు ఇరవైతో సరి. కంప్యూటరు గదిలో ఏసీ ఉన్నచోట ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర ఉంచండి. 2020 జనవరి నుంచి తయారయ్యే గది ఏసీలు మొదట ఆ అంకెతోనే మొదలవ్వాలని ప్రభుత్వమే నిబంధన పెట్టింది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం ఆదా అని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ చెబుతున్నది.

నాలుగోది నీటి మోటారు. టాంకు నిండి నీళ్లు గోడ మీదుగా కారుతున్నా మోటారు కట్టని సంస్థ లేదు. ఒక హార్సు పవరు మోటారు గంట ఎక్కువ తిరిగితే సుమారు ఒక యూనిటు, దానితోబాటు అంత నీరు. అయిదోది జనరేటరు. లీటరు డీజిలుకు సుమారు మూడు యూనిట్లు వస్తాయి. ఒక్క పంకా, రెండు దీపాల కోసం పెద్ద జనరేటరు తిప్పితే అవి కూడా రావు. డీజిలు ధరను మూడుతో భాగించి చూడండి, ఒక్క యూనిటు ఎంత పడుతుందో తెలిసి గుండె జల్లుమంటుంది.

సిబ్బందిని ఎలా కలుపుకోవాలి

ఇవన్నీ తెలిసినంత మాత్రాన జరగవు. చేయవలసినవారు సిబ్బంది. పాడి చేసేవారికి ఒక సంగతి బాగా తెలుసు. కర్ర పట్టుకుని నిలబడితే గేదె చేపదు. దూడను వదిలి, ముట్టె నిమిరి, దాణా పెడితే చేపుతుంది. మనిషి సంగతీ అంతే.

మొదటి పని, మీటరు అందరికీ కనిపించేలా చేయడం. పాల పుస్తకం పక్కనే ఒక కరెంటు పుస్తకం పెట్టండి. రోజూ ఒకే వేళకు మీటరు చూసి, ఆనాటి యూనిట్లు, ఆనాటి లీటర్లు పక్కపక్కన రాయండి. యూనిట్లను లీటర్లతో భాగించండి. పాలు ఎక్కువ వచ్చిన రోజు యూనిట్లు పెరగడం సహజం, అందుకని ఎవరినీ అడగకూడదు. పాలు అంతే ఉండి యూనిట్లు పెరిగితే అప్పుడు వెతకాలి. ఆసుపత్రిలో పడకల లెక్కతో, హాస్టలులో పిల్లల లెక్కతో ఇదే చేయవచ్చు.

రెండవది, ఒక్కొక్క పనికి ఒక్కొక్క మనిషి. "అందరూ జాగ్రత్తగా ఉండండి" అంటే ఎవరూ ఉండరు. కండెన్సరు ఫలానావారు, మోటారు ఫలానావారు, రాత్రి తాళం వేసేటప్పుడు దీపాలు ఫలానావారు అని పంచుకోండి. రాత్రి కాపలావానికి, ఊడ్చే అమ్మకు కూడా పాత్ర ఇవ్వండి. అందరూ వెళ్లిపోయాక ఏ గదిలో ఏది తిరుగుతున్నదో వారికి తెలిసినట్లు మనకెవరికీ తెలియదు.

మూడవది, చెప్పేముందు అడగండి. కూలరు దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాడికి మోటారు శబ్దం మారితే తెలుస్తుంది, తలుపు రబ్బరు ఎక్కడ వదులైందో తెలుస్తుంది. చెప్తే "నీకెందుకు" అంటారేమోనని ఊరుకుంటాడు. నెలకొకసారి పావుగంట కూర్చుని అతడి మాట వినండి, విన్నదానిలో ఒక్కటైనా ఆ నెలలోనే చేయించండి. ఫిర్యాదు పెట్టెలో పడి మగ్గిపోతే రెండోసారి నోరు విప్పడు.

నాలుగవది, పెద్దలు ముందు నడవాలి. అధ్యక్షులవారు గది వదిలేటప్పుడు తమ చేత్తో పంకా కట్టి వెళితే, పది సర్క్యులర్ల పని అవుతుంది. అధ్యక్షులవారి గదిలో ఏసీ రోజంతా ఆడుతూ, పాలు కొలిచే చోట ఉన్న ఒక్క పంకా కట్టమంటే ఎవరూ వినరు, వినకపోవడం న్యాయమే.

అయిదవది, మిగిలిన డబ్బు ఎటు వెళ్లిందో చెప్పండి. ఇది చాలా ముఖ్యం. మిగిలినది మొత్తం ఖాతాలో కలిసిపోతే సిబ్బందికి ఉత్సాహం ఏముంటుంది? పాలకవర్గం తీర్మానం చేసి, ఏడాదిలో మిగిలినదానిలో కొంత సిబ్బంది సౌకర్యానికి కేటాయించండి. తెల్లవారుజామున వచ్చే టెస్టరుకు ఒక రగ్గు, క్యాన్లు కడిగే అమ్మకు జారని చెప్పులు, వర్షంలో నిలబడే చోట ఒక రేకు. మిగతాది బోనసులో కలిపి సభ్యుల పాసుపుస్తకంలో చూపండి. "ఇది మనం కట్టిన స్విచ్చిల డబ్బు" అని మహాజన సభలో సిబ్బంది ఎదుటే చదవండి.

గాలివాన రోజు కోసం

ఈ అలవాటు విలువ మామూలు రోజుల్లో రూపాయల్లో కనిపిస్తుంది, ఆపద రోజున ప్రాణాల్లో కనిపిస్తుంది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను మనలో పెద్దవాళ్లు మరచిపోలేరు. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను ఊడ్చేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి విశాఖపట్నం వంటి మహానగరమే రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. 2022 జూలైలో మళ్లీ లంక గ్రామాలు నీట మునిగాయి. అటువంటి రోజున స్తంభాలు కూలుతాయి, బంకులో డీజిలు దొరకదు. ఉన్న రెండు పీపాల డీజిలుతో ఎవరు ఎన్నాళ్లు నెట్టుకురాగలరు? ఏది ముందు నడపాలో, ఏది కట్టేయాలో అలవాటున్న సిబ్బందికి అది రెండింతల కాలం వస్తుంది. అలవాటు లేని చోట మొదటి రాత్రే పంకాలకు ఖర్చయిపోతుంది, మూడో రోజు పసిపిల్లలకు ఇవ్వవలసిన పాలు విరిగిపోతాయి.

సేవ చేసే చోట ఇంధనం గూర్చి ఆలోచించడం మనతో మొదలు కాలేదు. తిరుమలలో 2002లో ఎండ వేడితో ఆవిరి పుట్టించి వేలాదిమంది భక్తులకు అన్నం వండే ఏర్పాటు చేశారు. జోర్డాను దేశంలో అజ్రక్ అనే శరణార్థుల శిబిరంలో 2017లో సూర్యరశ్మితో కరెంటు తీసే కేంద్రం పెట్టారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని ఎడారిలో తలదాచుకున్నవారికి రాత్రి దీపం వెలిగింది. డీజిలుకు పోయే డబ్బు మిగిలితే అది మనుషులకు అందుతుందన్న ఆలోచనే అక్కడా ఉన్నది. మన సంఘాల డాబాల మీద కూడా ఎండకు కొదవ లేదు. క్యాన్లు కడిగే నీళ్లకు సౌర హీటరుతో మొదలుపెట్టవచ్చు. అయితే చిల్లు కుండకు పెద్ద నుయ్యి తవ్వి లాభం లేదు. ముందు వృథా ఆపండి, ఆ తర్వాత ఎంత సామర్థ్యం గల పలకలు కావాలో లెక్క వేయండి. తక్కువతో సరిపోతుంది.

చివరిగా మీకు మూడు మనవులు. వచ్చే పాలకవర్గ సమావేశంలో ముట్టుకోకూడని వాటి జాబితాను తీర్మానంగా రాయండి. ఒకటో తేదీ నుంచి కరెంటు పుస్తకం మొదలుపెట్టండి. ఏడాది తిరిగాక మహాజన సభలో ఆ పుస్తకాన్ని ఆ పని చేసిన సిబ్బంది చేతనే చదివించండి. ఇక మీదట తనిఖీకి వచ్చినప్పుడు నేను నగదు పుస్తకం, సరుకు పుస్తకం చూసిన తర్వాత ఈ పుస్తకం కూడా అడుగుతాను. తప్పు పట్టడానికి కాదు, బాగా చేసిన సంఘం పద్ధతి పక్క సంఘానికి చెప్పడానికి.

సభ్యులు పోసే ప్రతి గరిటె పాల వెనుక ఒక ఇల్లాలి నిద్ర, ఒక గేదె మేత ఉన్నాయి. ఆ కష్టం ఖాళీ గదిలో తిరిగే పంకాకు పోకుండా చూడడం మనందరి బాధ్యత.